రెండుసార్లు అక్కరకొచ్చిన ‘డిడ్’

1734లో డెన్మార్క్ దక్షిణాన గాలెహుస్ అనే పల్లెలో ఒక రైతు మన్ను తవ్వుతుంటే బంగారు కొమ్ము బయటపడింది. అంతకు దాదాపు వందేళ్ల ముందు, 1639లో, ఆ దగ్గరలోనే ఒక పల్లెపడుచుకు అలాంటిదే మరొకటి దొరికింది. రెండిటినీ కోపెన్‌హాగెన్‌లో రాజుగారి వింత వస్తువుల భవనంలో భద్రపరిచారు. 1802లో ఒక కంసాలి వాటిని దొంగిలించి కరిగించేశాడు. బంగారమైతే పోయింది గాని, రెండో కొమ్ము అంచున చెక్కిన రూనిక్ అక్షరాలకు నకళ్లు అప్పటికే తీసి ఉన్నాయి. క్రీ.శ. 400 ప్రాంతంలో చెక్కిన ఆ ఒక్క వాక్యంలో, ఈ కొమ్మును నేను చేశానని పనివాడు తన పేరుతో సహా చెప్పుకున్నాడు. వాక్యంలో చివరి మాట ‘టవిడో’. చేశాను అని అర్థం.

ఆ మాట చివరనున్న ‘డో’ను చూడండి. మన పిల్లలు బడిలో వాక్–వాక్డ్, ప్లే–ప్లేడ్ అని వల్లెవేస్తూ క్రియ చివర తగిలించే ‘డ్’కు మనకు దొరికిన తొలి సాక్ష్యాల్లో అదొకటి. కొమ్ము చేసినవాడు ఇంగ్లీషు మాట్లాడలేదు, అప్పటికి ఇంగ్లీషన్న భాషే లేదు. కానీ ఆ ప్రాంతానికి అంతగా దూరం కాని తీరాల నుంచే ఆంగిల్స్, సాక్సన్ తెగలవాళ్లు తరువాతి శతాబ్దంలో సముద్రం దాటి బ్రిటన్‌కు చేరారు. వాళ్లతోపాటు ఆ ‘డ్’ కూడా చేరింది. సింపుల్ పాస్ట్ అని మనం పిలుచుకునే కాలం ఎలా తయారైందో చెప్పాలంటే అక్కడి నుంచి కొంచెం వెనక్కీ, చాలా ముందుకీ నడవాలి. ఇంగ్లీషు వ్యాకరణం మొత్తంలో నాకు ఇంతకన్నా ఇష్టమైన కథ లేదు.

‘డ్’ పుట్టకముందు జర్మానిక్ భాషల పూర్వీకులు గతాన్ని వేరే తీరున చెప్పేవాళ్లు. క్రియ చివర భూతకాలానికంటూ ఏ ప్రత్యయమూ అతికించేవాళ్లు కాదు. క్రియ నడుమనున్న అచ్చునే మార్చేవాళ్లు. సింగ్–సాంగ్, డ్రింక్–డ్రాంక్, రైట్–రోట్, గివ్–గేవ్. మనం ‘ఇర్రెగ్యులర్ వెర్బ్స్’ అని పేరుపెట్టి గ్రామర్ పుస్తకం చివరి పట్టికలోకి నెట్టేసిన క్రియల్లో పెద్ద భాగం ఈ పాత పద్ధతికి వారసులు. అవి నియమం తప్పినవి కావు. వాటి నియమం మరీ పాతది, అంతే.

సంస్కృతం కొంచెం చదువుకున్నవారికి ఈ అచ్చు మార్పు పరిచయమైనదే. చీల్చడమనే అర్థంలో భిద్ ధాతువుంది. గతాన్ని చెప్పే లిట్ లకారంలో దాని ఏకవచనం బిభేద, బహువచనం బిభిదుః. ఏకవచనంలో ఇకారానికి గుణం వచ్చి ఏకారమైంది, బహువచనంలో ఇకారం అలాగే నిలిచింది. కరవడమనే అర్థంలో ఇంగ్లీషులో ఉన్న ‘బైట్’ ఇదే ధాతువుకు చుట్టం. పాత ఇంగ్లీషులో దాని భూతకాలం ఏకవచనంలో ‘బాట్’, బహువచనంలో ‘బిటోన్’. ఏకవచనంలో నిండు అచ్చు, బహువచనంలో పొట్టి ఇకారం. విద్ ధాతువు సంగతీ అంతే. సంస్కృతంలో వేద, విదుః అయితే పాత ఇంగ్లీషులో ‘వాట్’, ‘విటోన్’. రెండు చోట్లా తెలియడమనే అర్థమే. వేల మైళ్ల ఎడంలో, ఒకరినొకరు ఎరగని రెండు జాతుల నోళ్లలో ఒకే అమరిక వేల ఏళ్లు చెక్కుచెదరకుండా నిలిచింది. సంస్కృతంలో మొదటి అక్షరం రెట్టించడం కూడా ఉంది: చకార, దదర్శ, బభూవ. ఆ రెట్టింపు జాడ ఒకటి ఇంగ్లీషులో నేటికీ మిగిలిందని పండితులు చెబుతారు. అది ‘డిడ్’. ముందొక డకారం, వెనకొక డకారం.

ఈ చుట్టరికాలను బయటికి తీసిన పనికి మొదటి పిలుపు మన దేశంలోనే వినబడింది. 1786లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ సభలో విలియం జోన్స్ సంస్కృతానికీ గ్రీకు, లాటిన్‌లకూ ఉన్న పోలికలు యాదృచ్ఛికం కావనీ, పాత జర్మానిక్ భాష అయిన గోథిక్ కూడా ఆ కుటుంబానిదే కావచ్చనీ ప్రసంగించాడు. 1816లో ఫ్రాంజ్ బాప్ అనే జర్మన్ పండితుడు రాసిన తొలి పుస్తకం అచ్చంగా క్రియారూపాల మీదే. అందులో సంస్కృత క్రియను గ్రీకు, లాటిన్, పర్షియన్, జర్మానిక్ క్రియల పక్కన పెట్టి చూపాడు. మూడేళ్లకు, 1819లో, జాకబ్ గ్రిమ్ తన జర్మన్ వ్యాకరణాన్ని తెచ్చాడు. తమ్ముడితో కలిసి జానపద కథలు సేకరించిన గ్రిమ్ ఈయనే. అచ్చు మార్చుకుని తమంతట తాము గతాన్ని చెప్పగలిగే క్రియలకు ఆయన ‘బలమైనవి’ అని పేరుపెట్టాడు. చివర ‘డ్’, ‘ట్’ సాయం కావలసినవాటికి ‘బలహీనమైనవి’ అన్నాడు. ఆ పేర్లే భాషాశాస్త్రంలో నేటికీ చెల్లుతున్నాయి. జరిగిన చరిత్ర మాత్రం ఆ పేర్లకు నేరుగా అడ్డం తిరిగింది. గెలిచింది బలహీనమైనవి.

ఎందుకు గెలిచాయంటే, అచ్చు మార్చే పద్ధతి పాత ధాతువులకే కుదిరేది. నామవాచకం నుంచో విశేషణం నుంచో కొత్తగా క్రియ పుట్టినప్పుడు ఆ పాత వరసల్లో దానికి చోటుండేది కాదు. ‘ఫుల్’ నుంచి ‘ఫిల్’, ‘ఫుడ్’ నుంచి ‘ఫీడ్’, ‘బ్లడ్’ నుంచి ‘బ్లీడ్’ పుట్టాయి. ఇలాంటివాటికి గతం ఎలా చెప్పాలి? భాషలో ఎవరూ కూర్చుని తీర్మానం చేయరు. అవసరం పడినప్పుడు దగ్గరున్నదాన్ని జనం వాడుకుంటారు. వాళ్లకు దగ్గరున్నది ‘చేయు’ అనే అర్థమున్న క్రియ.

ఇందులోని సులువు తెలుగువాడికి విడమర్చి చెప్పనక్కర్లేదు. టెలిఫోన్ వచ్చినప్పుడు మనం ఆ మాటకు నేరుగా తెలుగు ప్రత్యయాలు తగిలించలేదు. ఫోన్ చేశాడు అన్నాం. సేవ్ చేశాను, డౌన్‌లోడ్ చేసింది, బుక్ చేశారు. బయటి మాట కదలకుండా ముందు నిలబడుతుంది, కాలం, పురుష, లింగం అన్నిటి బరువూ ‘చేయు’ మోస్తుంది. జర్మానిక్ తెగలవాళ్లు చేసిందీ ఇదే, ఇప్పటికి రెండువేల ఏళ్లకు పైమాటే. మన వాడుకలో ‘చేశాడు’ ఇంకా విడిగా ఉంది. వాళ్ల నోట అది అరిగి, ముందున్న మాటకు అతుక్కుని, చివరికి ఒక్క హల్లుగా మిగిలింది.

ఆ అరుగుదల సగం దారిలో ఉన్నప్పటి రూపం గోథిక్ భాషలో దొరికింది. నాలుగో శతాబ్దంలో ఉల్ఫిలా అనే బిషప్ బైబిల్‌ను గోథిక్‌లోకి మార్చాడు. ఊదారంగు తోలు పత్రాల మీద వెండి, బంగారు సిరాతో రాసిన దాని ప్రతి ఒకటి స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయంలో నేటికీ ఉంది. రక్షించామని చెప్పడానికి అందులో ‘నసిడేడుమ్’ అంటారు. మొదట ‘నసి’, రక్షించు. తరువాత ‘డేడుమ్’, చేశాము. ‘డిడ్’ పోలిక ఆ మాట వెనుక భాగంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఏకవచనంలో అది అప్పటికే ‘నసిడా’ అని పొట్టిదైపోయింది. ఈ పుట్టుక మీద పండితులందరిదీ ఒకే మాట కాదు. క్రియాజన్య విశేషణంలోని తకారం నుంచి ఇది వచ్చిందనే వాదమూ ఉంది. అయినా ఎక్కువమంది మొగ్గేది ‘చేయు’ వైపే, నాకూ గోథిక్ బహువచనాన్ని చూశాక వేరేలా అనుకోవడం కష్టంగా ఉంటుంది.

ఆ తకారం సంగతి ప్రస్తావనకు వచ్చింది గనుక ఒక మాట. పట్టికలో మూడో గడిలో, అంటే వి3లో, కనిపించే ‘డ్’ వేరే ఇంటి నుంచి వచ్చింది. అది సంస్కృతంలో కృత, శ్రుత, గత అన్న మాటల చివరి ‘త’కు సొంత చెల్లెలు. అంటే ‘హీ లవ్డ్’లోని ‘డ్’ ఒకటి, ‘హీ ఈజ్ లవ్డ్’లోని ‘డ్’ మరొకటి. వేర్వేరు చోట్ల పుట్టి, కాలక్రమాన ఒకే ముఖానికి వచ్చాయి. వి2, వి3 రెండూ ఒకేలా ఉంటాయేమిటని అడిగే పిల్లవాడికి ఇంతకన్నా నిజమైన జవాబు లేదు.

బ్రిటన్‌లో స్థిరపడ్డాక పాత ఇంగ్లీషులో బలమైన క్రియలు 300కు పైగా ఉండేవి. ఇప్పటి వ్యాకరణవేత్తలు వాటిని ఏడు తరగతులుగా విడదీస్తారు. ఒక్కో క్రియకు భూతకాలంలోనే రెండు అచ్చులు. నేను పాడాను అంటే ‘సాంగ్’, మేము పాడాము అంటే ‘సుంగోన్’. తరువాతి శతాబ్దాల్లో ఈ రెండు వచనాల తేడా కరిగిపోయింది. కొన్ని క్రియల్లో ఏకవచనం గెలిచింది. రోట్, రోడ్ అలాంటివి. కొన్నిటిలో బహువచనమూ వి3 రూపమూ కలిసి గెలిచాయి. ‘బిట్’ అలా నిలిచింది. అందుకే ఒకప్పుడు ఒకే తరగతిలో కూర్చున్న రైట్, బైట్‌లకు ఇప్పుడు రోట్ అనీ బిట్ అనీ పొంతన లేని భూతకాలాలున్నాయి. పిల్లలు ఇక్కడ తికమకపడితే తప్పు వాళ్లది కాదు.

వచనభేదం చావకుండా మిగిలింది ఒక్క క్రియలోనే. ‘వాజ్’, ‘వర్’. మిగతా ఏ క్రియనైనా భూతకాలంలో ఒక్క రూపంతో అందరికీ సరిపెట్టవచ్చు: ఐ వెంట్, షి వెంట్, దే వెంట్. మనకైతే వెళ్లాను, వెళ్లింది, వెళ్లారు అని మార్చక తప్పదు. ఆ లెక్కన ఇంగ్లీషు సింపుల్ పాస్ట్ పేరుకు తగ్గట్టు సులువైనదే. ఈ ‘వాజ్’ మూలం నివసించడమనే అర్థమున్న వస్ ధాతువు. మన వసతి, నివాసం, ప్రవాసం అన్నీ దాని సంతానమే. ఏకవచనంలో ‘స్’ జాతి ధ్వని, బహువచనంలో ‘ర్’ ఎందుకుందన్నది చాలాకాలం ఎవరికీ తేలలేదు. డెన్మార్క్‌కు చెందిన కార్ల్ వెర్నర్ 1877లో అచ్చయిన వ్యాసంలో ఆ ముడి విప్పాడు. ఆయనకు తాళంచెవి దొరికింది వేదభాష స్వరాల్లో. వేదంలో లిట్ ఏకవచనానికి ఉదాత్తం ధాతువు మీద, బహువచనానికి ప్రత్యయం మీద పడుతుంది. జర్మానిక్ భాషల పూర్వదశలోనూ అలాగే ఉండేదనీ, ధాతువు మీద ఊనిక లేనిచోట సకారం మెత్తబడి జకారపు ధ్వనిగా మారి, తరువాత రేఫ అయిందనీ ఆయన చూపాడు. ఊనిక ఎక్కడ పడేదో జర్మానిక్ వాళ్లు మరిచిపోయి వేల ఏళ్లయింది. మన వేదపాఠకులు మాత్రం గురుముఖంగా ఆ స్వరాలను చెదరనివ్వకుండా కాపాడుకొచ్చారు. ‘దే వర్’ అన్న చిన్న మాటకు వివరణ వాళ్ల కంఠాల్లో ఉందన్నది నన్ను ఎప్పుడూ కదిలించే విషయం.

ఇక బయటివాళ్లు వచ్చారు. స్కాండినేవియా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు ‘టేక్–టుక్’ ఇచ్చారు. దాని దెబ్బకు పాత ఇంగ్లీషులో తీసుకోవడమనే అర్థమున్న ‘నిమన్’ కనుమరుగైంది. స్పర్శ తెలియకపోవడాన్ని చెప్పే ‘నమ్’ దాని జ్ఞాపకాల్లో ఒకటి. 1066లో నార్మన్లు దేశాన్ని జయించాక ఫ్రెంచి క్రియలు గుంపులుగా దిగాయి. పే, సర్వ్, ప్లీజ్, మూవ్, చేంజ్, పాస్. వీటన్నిటికీ ‘డ్’ తోకే గతి. అచ్చు మార్చే వరసలోకి దారి దొరికింది ఏ ఒకటో రెండో మాటలకే. ‘స్ట్రైవ్’ అనే ఫ్రెంచి మాట ‘డ్రైవ్–డ్రోవ్’ను చూసి ‘స్ట్రోవ్’ అయింది. అంతకు మించి పెద్దగా లేవు.

కొత్తవన్నీ ఒకే దారిన పోతుంటే పాతవీ అటే మళ్లాయి. ‘హెల్ప్’కు భూతకాలం ఒకప్పుడు ‘హోల్ప్’. 1611 నాటి బైబిల్‌లో దాని వి3 రూపం ‘హోల్పెన్’ కనిపిస్తుంది. ‘లాఫ్’, ‘బేక్’, ‘స్టెప్’, ‘వాష్’, ‘క్లైంబ్’ అన్నీ ఒకప్పుడు అచ్చు మార్చినవే. రెగ్యులర్ వెర్బ్ అంటే ప్రతి పుస్తకంలోనూ మొదటి ఉదాహరణగా నిలబెట్టే ‘వాక్’ పూర్వీకుడు కూడా పాత ఇంగ్లీషులో బలమైన క్రియే.

ఈ మళ్లింపు వేగాన్ని 2007లో హార్వర్డ్ పరిశోధకులు కొందరు లెక్కగట్టి ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. పాత ఇంగ్లీషు నుంచి 177 ఇర్రెగ్యులర్ క్రియలను తీసుకుని వాటి వెంట నడిచారు. మధ్య ఇంగ్లీషు నాటికి వాటిలో 145, ఈనాటికి 98 మాత్రమే ఇర్రెగ్యులర్‌గా మిగిలాయి. దేనికి ఎంత ఆయుష్షన్నది వాడుకను బట్టే ఉంటుంది. ఒక క్రియ వాడుక నూరు రెట్లు తక్కువైతే అది పది రెట్లు వేగంగా ‘డ్’ వైపు జరుగుతుంది. ఎప్పుడో ఒకసారి వినే మాట పాత రూపం నాలుకకు అందక, తెలిసిన నియమంతో పని జరిపేస్తాం. రోజూ నలిగే మాటకు ఆ ఇబ్బంది లేదు. అందుకే ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువగా వాడే పది క్రియలు — బి, హ్యావ్, డు, సే, మేక్, గో, టేక్, కమ్, సీ, గెట్ — పదీ ఇర్రెగ్యులర్లే. మొదలుపెట్టిన రోజునే కష్టమైనవన్నీ ఎదురవుతున్నాయని వాపోయే విద్యార్థికి ఇదే కారణం. ఇక ముందు ‘డ్’ వైపు జరిగేది ‘వెడ్’ అనే క్రియ కావచ్చని కూడా ఆ వ్యాసం అంచనా వేసింది.

ఎదురు నడిచినవీ కొన్ని ఉన్నాయి. ‘వేర్’, ‘రింగ్’, ‘స్టిక్’ మూడూ పాత ఇంగ్లీషులో బలహీన క్రియలే. పక్కనున్న ‘బేర్–బోర్’, ‘సింగ్–సాంగ్’ లాంటివాటి పోలికతో వోర్, రాంగ్, స్టక్ అయ్యాయి. 1611 నాటి బైబిల్‌లో ‘డిగ్డ్’ అని ఉన్నది ఇప్పుడు ‘డగ్’. అమెరికాలో పంతొమ్మిదో శతాబ్దం చివర ‘స్నీక్’కు ‘స్నక్’ పుట్టింది. ‘గో’ కథ అన్నిటికన్నా విచిత్రం. దాని పాత భూతకాలం ‘ఏఒడె’ అనే పూర్తిగా వేరే మాట. అది వాడుక నుంచి జారిపోతుంటే, మళ్లడం, వెళ్లడం అనే అర్థాలున్న ‘వెండ్’ క్రియ తన భూతకాలం ‘వెంట్’ను ఇచ్చేసింది. తాను మాత్రం ‘వెండెడ్’తో సరిపెట్టుకుంది.

‘డ్’ నిలదొక్కుకున్నాక అది పలికే తీరు మారింది. మొదట్లో దాని ముందున్న అచ్చు కూడా వినబడేది. ‘లవ్డ్’ను ‘లువెడ్’ అన్నట్టు రెండక్షరాలుగా పలికేవాళ్లు. తరువాత ఆ నడిమి అచ్చు జారిపోయింది. షేక్‌స్పియర్ నాటికి రెండు ఉచ్చారణలూ పక్కపక్కనే ఉండేవి, పద్యపాదానికి ఏది సరిపోతే కవి దాన్ని వాడుకునేవాడు. 1712లో జొనాథన్ స్విఫ్ట్ ఇంగ్లీషును సరిదిద్ది స్థిరపరచాలని ఒక ప్రతిపాదన రాస్తూ, కవులు ఇలా అక్షరాలు మింగేసి హల్లులను ఢీకొట్టిస్తున్నారని బాధపడ్డాడు. ఆయన మాట ఎవరూ వినలేదు. ఇప్పుడు ముందున్న ధ్వనిని బట్టే తోక పలుకుతుంది. ‘వాక్’ చివరి పరుషం తరువాత ‘ట్’, ‘ప్లే’ తరువాత ‘డ్’. క్రియ చివర ముందే ‘ట్’గాని ‘డ్’గాని ఉంటే రెండు కలిసిపోకుండా నడుమ అచ్చు బతికింది: వాంటెడ్, నీడెడ్. పాత ఉచ్చారణ విశేషణాల్లో ఇంకా వినబడుతుంది. పండితుణ్ని ‘లర్నెడ్’ అంటాం, పాఠం నేర్చుకున్నానంటే ‘లర్న్డ్’ అంటాం. కోర్టుల్లో ‘లర్నెడ్ కౌన్సెల్’ అని నేటికీ వినేవాళ్లకు ఇది బాగా తెలుసు.

‘కీప్–కెప్ట్’, ‘ఫీల్–ఫెల్ట్’ చూసి ఇవి బలమైనవి అనుకోకూడదు. ఇవి బలహీన క్రియలే. రెండు హల్లులు ఒరుసుకున్నచోట దీర్ఘం హ్రస్వమైంది. తరువాత ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ తమ స్థానాలు మార్చుకున్నప్పుడు హ్రస్వం అక్కడే ఉండిపోయింది. పుట్, కట్, సెట్‌లలో తోక క్రియ చివరి హల్లులోనే కలిసిపోయింది.

చిన్నపిల్లలు ఈ నియమాన్ని ఎలా పట్టుకుంటారన్నది ఇరవయ్యో శతాబ్దపు ప్రశ్న. ఇంగ్లీషు తల్లిభాషైన పిల్లలు ఒక వయసు వరకు ‘వెంట్’ సరిగ్గా అని, ఆ తరువాత ఉన్నట్టుండి ‘గోడ్’ అనడం మొదలుపెడతారు. అది వెనకడుగు కాదు, నియమం దొరికిందనడానికి గుర్తు. 1958లో జీన్ బెర్కో లేని క్రియలు కల్పించి పిల్లలను అడిగారు. ‘గ్లింగ్’ అనే కల్పిత క్రియకు భూతకాలం అడిగితే పిల్లల నోట ఎక్కువగా ‘గ్లింగ్డ్’ వచ్చింది, పెద్దవాళ్లలో చాలామంది ‘గ్లాంగ్’ అన్నారు. పెద్దల చెవిలో ‘సింగ్–సాంగ్’ వరస ఇంకా పనిచేస్తూనే ఉందన్నమాట. 1986లో రూమెల్‌హార్ట్, మెక్‌లెల్లండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 420 ఇంగ్లీషు క్రియల భూతకాలాలను ఒక కృత్రిమ నాడీజాలానికి నేర్పారు. నియమమేదీ చెప్పకుండానే అది చాలావరకు నేర్చుకుంది, పిల్లల్లాగే మధ్యలో తప్పులూ చేసింది. కొన్ని తప్పులు ఏ పిల్లా చేయనివి. ‘మెయిల్’కు అది ‘మెంబుల్డ్’ అని చెప్పిందని రెండేళ్ల తరువాత స్టీవెన్ పింకర్, అలన్ ప్రిన్స్ ఎత్తిచూపారు. భాష తలలో నియమంగా ఉంటుందా, పోలికల వలగా ఉంటుందా అన్న వాదానికి సింపుల్ పాస్టే చాలాకాలం కుస్తీ బరి.

‘డిడ్’ రెండో రాక ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. పాత ఇంగ్లీషులో ప్రశ్న వేయాలంటే క్రియను ముందుకు తెస్తే చాలు, కాదనాలంటే నకారార్థకం ఒకటి చేరిస్తే చాలు. వచ్చాడా అనడానికి ‘కేమ్ హి’, తెలియదనడానికి ‘ఐ నో నాట్’ అని తరువాత కూడా చాలాకాలం అన్నారు. పదమూడో శతాబ్దం నుంచి ‘డు’ ఒక సహాయక క్రియగా అక్కడక్కడా తల ఎత్తింది. పదహారో శతాబ్దంలో అది జోరుగా పెరిగింది. అప్పట్లో మామూలు వాక్యంలోనూ ‘హి డిడ్ ఈట్’ అనడం సాధారణమే, 1611 నాటి బైబిల్ నిండా అలాంటివే. తరువాత మామూలు వాక్యాల్లో నుంచి అది తప్పుకుని, ప్రశ్నల్లోనూ కాదనడంలోనూ గట్టిగా కుదురుకుంది. గట్టిగా నొక్కి చెప్పాల్సినచోట మాత్రం మామూలు వాక్యంలోనూ ఉండిపోయింది: ‘ఐ డిడ్ టెల్ యు’.

అంటే అదే భాష, అదే ‘చేయు’ క్రియను, గతాన్ని మోసే అదే పనికి, పదిహేను వందల ఏళ్ల ఎడంలో రెండోసారి పిలిచింది. మొదటిసారి అది క్రియ వెనుక చేరి తోకగా మారింది. రెండోసారి క్రియ ముందు నిలబడింది. ‘డిడ్ హి వాక్?’ అన్నప్పుడు గతమంతా ముందున్న ‘డిడ్’లో ఉంది, ‘వాక్’ తోక తీసేసి ఉత్తదిగా నిలబడింది. ‘హి వాక్డ్’ అన్నప్పుడు అదే గతం వెనక్కి వచ్చి ‘డ్’లో ఉంది. వాక్యంలో కాలం ఒక్కచోటే కూర్చుంటుంది.

మన పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ఇక్కడే. ‘హి డిడ్ నాట్ వెంట్’, ‘డిడ్ యు సా’ అంటారు. దీన్ని ఎర్ర సిరాతో కొట్టేసి ‘డిడ్ తరువాత వి1’ అని రాసి వదిలేయడం చూస్తుంటాం. ఆ సూత్రం సరైనదే, కానీ కారణం చెప్పదు. కారణం మన భాషలోనే ఉంది. వచ్చాడు అంటాం. కాదనాల్సి వస్తే ‘వచ్చాలేదు’ అనం, రాలేదు అంటాం. తిన్నాను, తినలేదు. వెళ్లారు, వెళ్లలేదు. ‘లేదు’ రాగానే క్రియ తన భూతకాలపు రూపాన్ని విడిచి కాలం గుర్తు లేని రూపం దగ్గరికి వెళ్లిపోతుంది. ‘డిడ్ నాట్ కమ్’లో ‘కమ్’ చేసేది సరిగ్గా ‘రాలేదు’లో ‘రా’ చేసే పనే. ‘వచ్చాలేదు’ ఎంత చెవికి తగులుతుందో ‘డిడ్ నాట్ కేమ్’ ఇంగ్లీషువాడి చెవికి అంతే తగులుతుంది. తెలుగు మీడియంలో చదివిన బిడ్డకు ఈ ఒక్క పోలిక చెబితే ఆ తప్పు చాలావరకు మానుతుందని నా నమ్మకం. బోధనలో తల్లిభాషను పక్కన పెట్టడం వల్ల ఇలాంటి దారులెన్నో మూసుకుపోతున్నాయి.

రూపం సంగతి ఇది. వాడుకలోనూ సింపుల్ పాస్ట్ సరిహద్దులు కదిలాయి. పాత ఇంగ్లీషులో అయిపోయిన సంగతి దేనికైనా ఎక్కువగా అదే ఆధారం. తరువాత ‘హ్యావ్’ వచ్చింది. నా దగ్గర రాసిన ఉత్తరం ఉంది అనే అర్థంలో మొదలై, నేను ఉత్తరం రాసి ఉన్నాను అనే అర్థానికి జరిగి, ‘ఐ హ్యావ్ రిటన్’ అయింది. దాంతో పని రెండుగా చీలింది. ఇప్పటిదాకా పాకివచ్చే గతం ‘హ్యావ్’ పాలబడింది. తలుపు మూసుకున్న గతం సింపుల్ పాస్ట్‌కు మిగిలింది. నిన్న, పోయిన ఏడు, 1947లో, మూడు రోజుల కిందట అని కాలాన్ని వేలుపెట్టి చూపిస్తే సింపుల్ పాస్ట్ తప్ప మరొకటి చెల్లదు. మనకు ‘నేను నిన్న చూశాను’, ‘నేను ఆ సినిమా చూశాను’ రెండిటికీ ఒకే క్రియ చాలు గనుకే ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’ మన నోట తేలిగ్గా దొర్లుతుంది.

వి2, వి3ల మధ్య గోడ కట్టిందీ పద్దెనిమిదో శతాబ్దమే. అంతకుముందు పేరున్న రచయితలు కూడా ‘ఐ హ్యావ్ రోట్’ అని రాసేవాళ్లు. 1762లో రాబర్ట్ లౌత్ తన చిన్న వ్యాకరణంలో మిల్టన్ వంటి వారినీ వదలకుండా ఇలాంటివన్నీ తప్పులని పట్టిచూపాడు, ఇర్రెగ్యులర్ క్రియలకు ప్రత్యేకంగా ఒక భాగం కేటాయించాడు. అక్కడి నుంచి బడి వ్యాకరణాలు పెరిగి పెరిగి మన ఇళ్లలోని రెన్ అండ్ మార్టిన్ దాకా వచ్చాయి.

పక్కింటి భాషల్లో సింపుల్ పాస్ట్ గతి వేరుగా ఉంది. ఫ్రెంచివాళ్లు మాటల్లో దాన్ని దాదాపు వదిలేసి ‘హ్యావ్’తో కట్టే రూపంతోనే అన్నీ చెబుతారు. దక్షిణ జర్మనీలోనూ అంతే. ఇంగ్లీషు ఆ దారిన పోలేదు. పైగా అమెరికాలో సింపుల్ పాస్ట్ ‘హ్యావ్’ ఆక్రమించిన చోటులో కొంత తిరిగి తీసుకుంటోంది. లండన్‌లో ‘హ్యావ్ యు ఈటెన్ యెట్?’ అని అడిగే చోట డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు రోజూ వినేది, తామూ అనేది ‘డిడ్ యు ఈట్ యెట్?’ అనే.